లైన్లోనే ఉన్నాను

"నాకు తెలుసమ్మా ఆ వీధి. బండి బయల్దేరింది, నువ్వు కంగారు పడకు," అంది టేపులో గొంతు.

ట్రైనర్ టక్కున బటన్ నొక్కి ఆపాడు.

"ఇదిగో, ఇక్కడే!" అన్నాడు కొత్త బ్యాచ్ వైపు తిరిగి. "విన్నారుగా? 'నాకు తెలుసమ్మా'." ఆ మాటల్ని ముక్కుతో సాగదీసి మరీ పలికాడు. "ఈ ముక్క మన నోట్లోంచి వచ్చిందంటే అవతల ఓ మనిషి పోయినట్టే. రాసుకోండి."

వెనక వరసలో ఎవరో అదే రాగం తీశారు. గదంతా ఘొల్లున నవ్వింది. వాళ్లనని ఏం లాభం? ఉద్యోగంలో చేరి నాలుగు రోజులు కాలేదు. ఆ గొంతు మనిషి హెడ్‌సెట్ల డబ్బా పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉందని కలగన్నారా?

ట్రైనర్‌కి మాత్రం తెలుసు. ఆమెను చూడగానే అతని మొహం పాలిపోయింది. "అక్కా... అది ఆ మూల పెట్టేయండి," అన్నాడు, చేతిలోని పెన్నుకి మూత పెడుతూ తీస్తూ.

ఆమె డబ్బా మూల పెట్టింది. పెట్టాక కూడా చేతులు దాన్ని వదల్లేదు. ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంది. తల దించుకుని, ఎవరి మొహమూ చూడకుండా, గోడ పట్టుకుని బయటికొచ్చేసింది.

ఆఫీసులో ఆమెను అందరూ పెద్దక్క అంటారు. వయసులో పెద్దదని కొంత, ఆ హాల్లో అందరికంటే ఎక్కువ కాలం కూర్చుందని కొంత. ఊళ్లో ఎవరికి ఏ ఆపదొచ్చినా, అంబులెన్సు కోసం ఫోన్ చేస్తే ముందు పలికేది ఆ హాల్లోని వాళ్లే. వివరం అడుగుతారు, పక్క బల్లకి అందిస్తారు, పక్క బల్ల బండిని పంపుతుంది. పనిలో మొదటి పాఠం ఒక్కటే. చిరునామా ఫోన్ చేసిన మనిషి నోటితోనే చెప్పించాలి, దాన్ని మనం తిరిగి చెప్పాలి, అవునని అవతలి మనిషి అనాలి. ఆ తర్వాతే బండి.

కొత్తవాళ్లు ఈ పాఠం తప్పరు. వాళ్లకి ఊరు తెలియదు గనక భయంభయంగా రెండుసార్లు అడుగుతారు. తప్పేదల్లా తెలిసినవాళ్లే. ఆ రోజు ఓ అమ్మాయి ఏడుస్తూ, నాన్న పడిపోయాడనీ, చెక్కల మిల్లు వెనక వీధి అనీ చెప్పింది. పెద్దక్క చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల ఆడింది ఆ మిల్లు వెనకే. ఇంకేం అడుగుతుంది? కళ్లు మూసుకుని బండి పంపింది. ఆ మిల్లు మూతపడి చాన్నాళ్లయిందనీ, రైలు గేటు అవతల ఇంకో చెక్కల మిల్లు వచ్చిందనీ ఆ క్షణాన తట్టలేదు. బండి పాత మిల్లుకెళ్లి వెనక్కి తిరిగేసరికి గేటు పడింది. అమ్మాయి ఇంటికి చేరేసరికి ఆ పెద్దాయన లేడు.

ముందే వెళ్తే బతికేవాడేమో. బతికేవాడు కాదేమో. డాక్టర్లు కూడా ఏదీ తేల్చి చెప్పలేదు. విచారణ జరిగింది, ఆమెను ఫోన్ల దగ్గర్నుంచి తీసి సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. అంతటితో ఆగినా బాగుండేది. ఇప్పుడు టీ కాచుకునే చోట చక్కెర ఎక్కడుందని ఒకరంటే, ఇంకొకరు "నాకు తెలుసమ్మా!" అని పాడుతున్నారు. ఆమె కనబడగానే నాలుక కరుచుకుంటున్నారు. నవ్వినా బాధ లేకపోయేది, ఆ నాలుక కరుచుకోవడమే ఆమెకి పుండు మీద కారం చల్లినట్టుంది.

బాత్రూమ్‌లో కుళాయి తిప్పి మణికట్ల మీద నీళ్లు వదులుతూ నిలబడింది పెద్దక్క. సూపర్‌వైజర్ మేడమ్ వెనకే వచ్చింది. మనిషి మంచిదే గానీ చేతి గడియారం చూసుకుంటూ మాట్లాడే అలవాటు.

"అతనికి చెప్తాలే, నువ్వున్నప్పుడు వెయ్యొద్దని."

"నేను లేనప్పుడు వెయ్యొచ్చా మేడమ్?"

మేడమ్ మళ్లీ గడియారం చూసుకుంది. "శుక్రవారంలోగా నువ్వు ఏదో ఒకటి తేల్చాలి. మళ్లీ లైన్లో కూర్చుంటే నీ కుర్చీ నీకే. కూర్చోలేనంటే సామాన్ల గదికే ఖాయం చేసేస్తా. అందులో తప్పేం లేదు. ఇంకొకళ్లని తీసుకోవాలి కదా నేను."

"శుక్రవారం," అంది పెద్దక్క. గోడ అవతల హాల్లో ఫోన్ మోగింది. ఆ మోత వినగానే ఆమె గుండె గుభేలుమంది. ఏళ్ల తరబడి అన్నం పెట్టిన మోత అది. దానికే ఇప్పుడు వాష్ బేసిన్ పట్టుకుని వంగిపోయింది.

సాయంత్రం ఇంట్లో భర్త వేణ్నీళ్లు కాచాడు. ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని ఆయనది. తలనొప్పికీ, కాళ్లనొప్పికీ, దిగులుకీ, అన్నింటికీ ఆయన దగ్గర వేణ్నీళ్లే మందు. గ్లాసు చేతికిచ్చి, "మర్చిపోవే. ఎన్నాళ్లు దాన్నే పట్టుకుని వేలాడతావు?" అన్నాడు.

"నేను పట్టుకున్నానా? అదే నన్ను పట్టుకుంది."

"పోనీ సామాన్ల గదే అడుగు. హాయిగా డబ్బాలు లెక్కపెట్టుకో. డబ్బాలు చచ్చిపోవుగా."

అన్నాక గానీ అన్న మాటేంటో ఆయనకి తెలియలేదు. అంతలో మేడ మీద ఉండే వదిన డ్యూటీ దిగి మెట్లెక్కబోతూ తలుపులోంచి తొంగి చూసింది, ఆయన బతికిపోయాడు. వదినంటే పెద్దక్క అన్న భార్య, ఆసుపత్రిలో కాన్పుల గది నర్సు. మనిషి గొంతు పెద్దది, ఓదార్చడం అసలు రాదు. చెప్పులు గుమ్మంలో విడిచి, చేతిసంచీ కూడా దించకుండా, జరిగిందంతా విని తల పంకించింది.

"ఇప్పుడు కూడా ఉందా అది? ఛాతీ మీద?"

"ఉంది."

"ఉంటే ఏం చేస్తున్నావు?"

"ఏం చేస్తాను? పొమ్మంటున్నాను. అది పోవడం లేదు."

"అదే నువ్వు చేస్తున్న పొరపాటు," అంది వదిన. "నొప్పులొచ్చిన పిల్లలు కూడా అలాగే వద్దు వద్దని పళ్లు బిగించి పిడికిళ్లు బిగిస్తారు. బిగించిన కొద్దీ అది ఇంకా పట్టుకుంటుంది. నేనేమంటానో తెలుసా? 'వచ్చిందా? రానీ. నువ్వు నోరు తెరిచి మెల్లగా ఊపిరి వదులు. పీల్చడం దానంతటదే అవుతుంది, వదలడం నీ పని.' అంతే. నొప్పి పోతుందని ఎవరికీ చెప్పను. అబద్ధం చెప్పి నాలుగు తిట్లు తినడం నాకెందుకు?"

"అక్కడ చివరికి బిడ్డ పుడుతుంది వదినా. ఇక్కడేం పుడుతుంది?"

"అదే అడుగుదామనుకున్నా. నువ్వసలు ఆ కుర్చీలో ఎందుకు కూర్చునేదానివి?"

"జీతానికి."

"జీతం డబ్బాలు లెక్కపెట్టినా ఇస్తారు."

పెద్దక్కకి ఒళ్లు మండింది. "అందరూ పాఠాలు చెప్పేవాళ్లే! నీ చేతిలో మనిషి పోయి ఉంటే తెలిసేది నీకు!"

భర్త ఖాళీ గ్లాసు కడగడానికి లేచాడు. వదిన చేతిసంచీ భుజం మీదికి లాక్కుని, చెప్పులు వెతుక్కుంది.

"పోయింది," అంది గుమ్మంలోంచి, వెనక్కి తిరక్కుండా. "కాన్పుకొచ్చిన పిల్ల, పురిట్లోనే పోయింది, నా చేతుల్లోనే. మర్నాడు డ్యూటీకెళ్లాను. ధైర్యం వచ్చి వెళ్లాననుకుంటున్నావేమో. కాదు. పక్క మంచం మీద ఇంకో పిల్ల కేకలు పెడుతోంది, చూసే దిక్కు లేదు. అందుకని వెళ్లాను."

మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు మామూలుగానే వినిపించింది. పెద్దక్క మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయింది. నోటి దురదకి తనని తనే నాలుగు తిట్టుకుంది. ఇన్నేళ్లలో ఆ మాట వదిన నోట ఎప్పుడూ వినలేదు.

మర్నాడు ఆమె ఊపిరి ప్రయోగం మొదలెట్టింది. మొదలెట్టిందంటే, చీపురుతో బొద్దింకను తరిమినట్టు ఊపిరితో భయాన్ని తరమబోయింది. సామాన్ల గది గోడకి అవతల ఫోన్ మోగడం, ఈవిడ నోరు తెరిచి బుస్సున గాలి వదలడం, వదిలాక అది పోయిందా లేదా అని తడుముకోవడం. అది చెక్కు చెదరకుండా అక్కడే ఉంది. పైగా పాడైన వైర్లు పట్టుకుని లోపలికొచ్చిన టెక్నీషియన్, "ఏంటక్కా, గ్యాస్ ట్రబులా?" అని అడిగాడు. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మధ్యాహ్నానికి విసుగు పుట్టి ప్రయత్నం మానేసింది. చెవి దగ్గర స్పాంజి చిరిగిన హెడ్‌సెట్లకి కొత్త స్పాంజి తొడుగుతూ కూర్చుంది. చుట్టూ వేలు పెట్టి లాగాలి, అంచు గాడిలో పడేదాకా తిప్పాలి. ఫోన్ మోగింది. ఛాతీ పట్టేసింది. చేతిలో పని సగంలో ఉండటంతో ఆమె దాన్ని పొమ్మనలేదు, ఏమీ అనలేదు. మెల్లగా ఊపిరి వదిలి, స్పాంజిని గాడిలోకి తిప్పింది. భయం భయంలాగే ఉంది. స్పాంజి గాడిలో పడింది.

ఆమె చేతులు ఆగాయి. పోతుందని వదిన అసలు అననే లేదు కదా! రానీ అంది, అంతే. తనే, పోవాలి పోవాలి అని దాని వెంట పడింది.

ఆ సాయంత్రం ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. ఆ కాల్‌ని ఆమె బుర్ర రోజూ వినిపిస్తూనే ఉంది. బట్టలుతుకుతుంటే, బస్సులో కూర్చుంటే, ఎప్పుడైనా సరే. కానీ అది కూడా ట్రైనర్ టేపులాగే, 'నాకు తెలుసమ్మా' దగ్గర ఆగిపోతోంది. ఆ తర్వాత ఏం జరిగింది? తను నోరు పడిపోయి, కొయ్యబారి కూర్చున్నట్టు గుర్తు. ఆ పిల్లని ఒంటరిగా వదిలేసినట్టు గుర్తు. విచారణలో తప్పు వెంటనే ఒప్పేసుకుంది, మిగతాది వినిపించే అవసరం ఎవరికీ రాలేదు. తప్పు కంటే కూడా ఆ వదిలేయడమే ఆమెను లోపల్లోపల కొరికేస్తోంది. దాని గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

బుధవారం పొద్దున్నే ట్రైనర్ గదికెళ్లింది. కొత్త బ్యాచ్ కుర్చీల్లో సర్దుకుంటోంది.

"ఆ టేపు పూర్తిగా వెయ్యి బాబూ. నేనూ వింటాను."

"అక్కా, మొన్న నాదే తప్పు. ఇంక వెయ్యను. ఒట్టు."

"వెయ్యొద్దనడం లేదు. చివరిదాకా వెయ్యమంటున్నా."

"నాకిచ్చిందే అంతవరకు. మిగతాది నేనూ వినలేదు. మేడమ్ దగ్గరుంటుంది. అయినా, అందరి ముందూ... మీరు వినలేరు."

"వినలేకపోతే లేచి పోతాను. గుమ్మం అక్కడే ఉందిగా."

అతను మేడమ్‌ని పిలిచాడు. మేడమ్ గడియారం చూసుకుంది, పెద్దక్క మొహం చూసింది, కంప్యూటర్లో వెతికి పూర్తి కాల్ తీసింది. పెద్దక్క మొదటి వరసలో కూర్చుంది. "ఆ గొంతు నాదే," అంది కొత్తవాళ్లతో. వెనక వరసలో రాగం తీసిన అమ్మాయి కుర్చీలో ముడుచుకుపోయింది.

టేపు మొదలైంది. ఏడుపు, చెక్కల మిల్లు, నాకు తెలుసమ్మా. పెద్దక్క ఛాతీ బిగుసుకుంది. చెవుల్లో హోరు. లేచి పోదామా అనిపించింది, కాళ్లు అప్పుడే గుమ్మం వైపు తిరిగాయి. ఆమె నోరు తెరిచి ఊపిరి వదిలింది. రానీ.

ఈసారి టేపు ఆగలేదు.

"రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఛాతీ మధ్యలో నొక్కమ్మా. గట్టిగా. ఇంకా గట్టిగా. నాతో పాటు లెక్కపెట్టు." రెండు గొంతులు కలిసి లెక్కపెట్టడం వినిపించింది. లెక్కలు అయిపోవడం, మళ్లీ మొదలవడం. ఆ తర్వాత అమ్మాయి రొప్పుతూ, "బండేదండీ? ఇక్కడికేమీ రాలేదు! గేటు ఇవతల కదా మేముంది!"

టేపులో నిశ్శబ్దం. పెద్దక్క కుర్చీ అంచు పట్టుకుంది. ఇదే, తను మాట పడిపోయిన చోటు ఇదే. ఇక్కడినించి తన గొంతు వినిపించదని ఆమెకి తెలుసు.

కానీ వినిపించింది. వణుకుతూ వచ్చింది. "తప్పు నాదమ్మా. పాత మిల్లుకి పంపాను. ఇప్పుడే తిప్పించాను, ఆలస్యమవుతుంది. అందాకా నీ చేతులే. తీయకు. నేను లైన్లోనే ఉన్నాను."

"మీరు చంపేస్తున్నారు మా నాన్నని!" అని అరిచింది అమ్మాయి. "మీరు మనుషులేనా అసలు!"

"తిట్టమ్మా. తిడుతూనే నొక్కు. ఒకటి, రెండు, మూడు..."

తిట్లూ లెక్కలూ కలగలిసిపోయాయి. టేపులో తలుపు చప్పుడైంది, మగ గొంతులు వినిపించాయి, పక్కకి జరగమని ఎవరో అన్నారు. చాలాసేపు ఏదో సర్దుతున్న చప్పుళ్లు. చివరికి ఫోన్‌కి బాగా దగ్గరగా, నీరసంగా, "ఉన్నారా?" అంది ఆ అమ్మాయి.

"ఉన్నాను."

"వీళ్లు తల అడ్డంగా ఊపుతున్నారు."

"..."

"పెట్టేయకండి."

"పెట్టేయనమ్మా."

ఆ తర్వాత మాటల్లేవు. ఓ పిల్ల ఏడుపు, ఇటు వైపు ఇంకొకరి బరువైన ఊపిరి. ఆ అమ్మాయే ఎవరో వచ్చారని చెప్పి ఫోన్ పెట్టేసేదాకా అలాగే సాగింది.

పెద్దక్క కళ్లు తుడుచుకోలేదు. తప్పు తప్పే, అది ఆవగింజంత కూడా తగ్గలేదు. ఆ పెద్దాయన తిరిగి రాడు. కానీ ఆ పిల్లని తను వదిలేయలేదు. ఇన్నాళ్లూ వదిలేశానని నమ్మి తనని తను పీక్కుతింది, అది నిజం కాదు. వదిన అడిగినదానికి ఇప్పుడైతే జవాబు చెప్పగలదు. జీతానికి కాదు. అలాంటి గడియలో మనిషి పక్కన ఇంకో మనిషి ఉండాలని.

ట్రైనర్ తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. "ఇకనుంచి ఇది మొత్తం వేస్తానక్కా," అన్నాడు చివరికి. "మీకు అభ్యంతరం లేకపోతే."

"వెయ్యి. 'నాకు తెలుసమ్మా' దగ్గర కూడా ఆపు, అది వాళ్లకి తెలియాలి. ఆపి, మళ్లీ నడిపించు."

వెనక వరస అమ్మాయి చెయ్యెత్తింది. బడిలో పిల్లలా లేచి నిలబడింది కూడా. "అప్పుడు మీకు భయం వెయ్యలేదా అక్కా?"

"ఇప్పుడూ వేస్తోంది," అంది పెద్దక్క. ఎవరూ నవ్వలేదు.

అదే రోజు మధ్యాహ్నం, భోజనాల వేళ, బైపాస్ మీద రెండు బస్సులు గుద్దుకున్నాయి. హాలు ఒక్కసారిగా గోలెత్తిపోయింది. చూసినవాళ్లు, చూడనివాళ్లు, బస్సులో తమవాళ్లున్నారేమో అని భయపడినవాళ్లు, అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తున్నారు. ఎన్ని కాల్స్ ఎదురుచూస్తున్నాయో చూపించే గోడ మీది బోర్డు ఎర్రబడింది. సగం మంది క్యాంటీన్లో ఉన్నారు. మేడమ్ తనే ఓ హెడ్‌సెట్ తగిలించుకుని రెండు చేతులా టైపు చేస్తోంది.

పెద్దక్క సామాన్ల గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెను ఎవరూ పిలవలేదు. పిలిచే తీరిక ఎవరికుంది? కిటికీ పక్కన ఆమె పాత కుర్చీ ఖాళీగా ఉంది, దాని ముందు ఫోన్ మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. బస్సుల గొడవలో మామూలు ఆపదలు ఆగుతాయా ఏంటి? గుండెపోట్లు, జారిపడటాలు, నొప్పులు, వాటి దారిన అవి వస్తూనే ఉంటాయి.

శుక్రవారం ఇంకా రాలేదు కదా అంది మనసు. ఛాతీ మీద అది ఎప్పటిలాగే ఎక్కి కూర్చుంది. దిగమని ఆమె అడగలేదు. దాన్ని మోసుకుంటూనే బల్లల మధ్య నుంచి నడిచింది. ఓ కుర్చీ కాలికి తగిలి తూలింది, నిలదొక్కుకుంది. మేడమ్ తల తిప్పి చూసింది. ఒక్క క్షణం ఆగి, మళ్లీ తన స్క్రీన్ వైపు తిరిగిపోయింది.

పెద్దక్క కూర్చుంది. హెడ్‌సెట్ పెట్టుకోబోతే చెవికి కాకుండా చెంపకి తగిలింది. సరిచేసుకుని, నోటితో ఊపిరి వదిలి, బటన్ నొక్కింది.

"అత్యవసర సహాయం. చెప్పండి."

"అమ్మాయ్! మా ఆవిడ... మా ఆవిడ కింద పడిపోయింది. పిలిస్తే పలకడం లేదు." ఓ ముసలాయన గొంతు. "ఎంతసేపని మోగిస్తాను! ఎవ్వరూ ఎత్తరే!"

"ఎత్తాను బాబాయ్. ఆవిడ ఊపిరి తీస్తోందా? ఛాతీ కదులుతోందా చూడండి."

"కదులుతోంది... కదులుతోందమ్మా. గురక పెడుతున్నట్టుంది." ఆయన ఆగాడు. ఎంత కంగారులో ఉన్నా ఆయన చెవులు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. "అదేంటమ్మా, నీ గొంతలా వణుకుతోంది?"

ఆ వణుకు చెవిన పడి పక్క బల్ల అమ్మాయి వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. పెద్దక్క ఎవరి వైపూ చూడలేదు.

"వణకనివ్వండి బాబాయ్. నేను లైన్లోనే ఉంటాను. ముందు మీ వీధేదో మీరే చెప్పండి."

ఆయన చెప్పాడు. ఆమె ఒక్కో మాటా తిరిగి చెప్పింది. ఆయన అవునన్నాడు.